నిద్రలో కదల్లేకపోవడం, దయ్యం, విశ్వాసం: తిరుపతి నర్సింగ్ విద్యార్థిని ప్రశ్నకు జవాబు

ప్రశ్న (కుదించి): తిరుపతి హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతున్నాను. నైట్ డ్యూటీలు మొదలైనప్పటి నుంచి తెల్లవారుజామున మెలకువ వస్తోంది గానీ కాలూ చెయ్యీ కదలవు. తలుపు దగ్గర ఎవరో నల్లగా నిలబడినట్టు ఉంటుంది. హాస్టల్ ప్రార్థన గ్రూపులో అక్కలు అది అంధకారశక్తి అన్నారు, విడుదల ప్రార్థనకు (దయ్యాన్ని వెళ్ళగొట్టే ప్రార్థనకు) రమ్మంటున్నారు. మా పుస్తకంలో స్లీప్ పెరాలిసిస్ అని ఉంది. అది మెదడు పనే అయితే దేవుడు, దూతలు, పరిశుద్ధాత్మ కూడా మెదడు పనేనా? మీటింగుల్లో అందరూ ఏడుస్తారు, నాకేమీ అనిపించదు. అందుకే చర్చిలో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకోవడం మానేశాను. మా రూమ్మేట్ హిందువు. క్రిస్మస్‌కి మా చర్చికి వచ్చి "లోపల చూడ్డానికి ఏమీ లేదే" అంది. ఏం చెప్పాలో తెలియలేదు.

జవాబు:

అమ్మా, వందనాలు. నేను చిత్తూరులో ఉంటాను. స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను, మా సంఘంలో ఆడవాళ్ళ బైబిల్ స్టడీ చాలా ఏళ్ళుగా నేనే చూస్తున్నాను. నీ ప్రశ్న రెండు వైపులా నాకు తెలిసిందే గనుక కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు నిద్ర సంగతి. బైబిల్లో ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని ఇక నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగినప్పుడు, దూత వచ్చి ప్రసంగం చెయ్యలేదు. లేచి తినమన్నాడు. తిని, తాగి, మళ్ళీ పడుకున్నాడు ఏలీయా. రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. మన మీటింగుల్లో ఈ భాగాన్ని గబగబా దాటేస్తారు గానీ, డ్యూటీలు చేసే పిల్లలకు నేను మొదట చదివించేది ఇదే.

మీ పుస్తకంలో ఉన్నది నిజం. కలలు వచ్చే నిద్రలో మెదడు ఒంట్లో కండరాలను పట్టి ఉంచుతుంది, లేకపోతే కలలో పరిగెత్తినవాళ్ళం మంచం మీద నుంచి కింద పడతాం. ఒక్కోసారి మెలకువ ముందొస్తుంది, ఆ పట్టు వెనక వదులుతుంది. ఆ మధ్యలో కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల దాకా, కళ్ళు తెరిచి ఉంటాయి, చెయ్యి లేవదు, కల మాత్రం ఇంకా నడుస్తూ ఉంటుంది. అందుకే గదిలో ఎవరో ఉన్నట్టు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. నిద్ర చాలకపోతే, పడుకునే వేళలు మారిపోతుంటే, వెల్లకిలా పడుకుంటే ఎక్కువ వస్తుంది. మన ఊళ్ళలో దయ్యం అదిమింది అంటారు, పక్కన తమిళం వాళ్ళు అముక్కువాన్ పేయి అంటారు, జపాన్ వాళ్ళు కనాషిబారి అంటారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకూ వస్తుంది, తీసుకోనివాళ్ళకూ వస్తుంది. మళ్ళీ వస్తే లేవాలని పెనుగులాడకు. ఒక్క కాలి బొటనవేలు కదపడానికి చూడు, లేదా ఊపిరి మీద మనసు పెట్టు, అదే వదిలేస్తుంది. పక్కకు తిరిగి పడుకో. మరీ తరచుగా వస్తున్నా, పగలు ఆపుకోలేనంత నిద్ర వస్తున్నా మీ కాలేజీ డాక్టరుకు చెప్పు.

ఇక అసలు ప్రశ్న. "ఇది మెదడు పని అయితే అన్నీ మెదడు పనేనా?" ఎండమావి చూసి మోసపోయినంత మాత్రాన బావిలో నీళ్ళు లేవని అనుకోం. కానీ నీ టెన్షన్ దీనితో తీరదని నాకు తెలుసు, ఎందుకంటే నీ భయం వేరేచోట ఉంది. ఆ అక్కలూ నువ్వూ వేరువేరు పక్షాల్లో ఉన్నామని అనుకుంటున్నారు గానీ, ఇద్దరి లెక్కా ఒకటే. డాక్టరు చెప్పగలిగితే అది దేవుడికి సంబంధం లేనిది, డాక్టరుకు అందనిదైతే అది ఆత్మల పని అని. ఈ లెక్కతో పోతే, నువ్వు చదివే ప్రతి పాఠంతోనూ దేవుడు ఒక మెట్టు వెనక్కి తగ్గాలి. కోర్సు అయ్యేసరికి ఆయనకు నిలబడే చోటుండదు.

సువార్త రాసినవాళ్ళే ఈ లెక్క వేయలేదు. మత్తయి 4:24 తీసి చూడు. యేసు దగ్గరికి ఎవరెవరిని తెచ్చారో రాస్తూ వ్యాధిగ్రస్థులను, దయ్యముపట్టినవారిని, చాంద్రరోగులను (మూర్ఛ ఉన్నవాళ్ళను), పక్షవాయువు గలవారిని అని విడివిడిగా రాశాడు. అందరినీ ఒక్క మూటలో కట్టలేదు. అదే మత్తయి 17వ అధ్యాయంలో చాంద్రరోగం ఉన్న పిల్లవాడిలో నుంచి దయ్యం వెళ్ళగొట్టబడింది కదా అని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. అందుకే దయ్యాలు లేవని నేను అనడం లేదు. ఏది ఏమిటో పరీక్షించకుండా పేరు పెట్టొద్దు అంటున్నాను. "ప్రతి ఆత్మను నమ్మక" పరీక్షించమని యోహాను రాసింది అవిశ్వాసులకు కాదు, సంఘానికే.

ఇంకొకటి గమనించావా? ఆదివారం మనం చెప్పే విశ్వాస ప్రమాణంలో సైతాను పేరే లేదు. అపొస్తలుల విశ్వాస ప్రమాణంలోనూ లేదు, నైసియా సభలో 325లో మొదలై 381లో ఇప్పటి రూపానికి వచ్చినదానిలోనూ లేదు. అందులో దృశ్యమైనవాటినీ అదృశ్యమైనవాటినీ అన్నిటినీ దేవుడే చేశాడని ఉంది, అంతే. కనబడనివి కూడా ఆయన చేసినవే, ఆయన కిందివే. మన కొన్ని మీటింగుల్లో రెండు గంటలు కూర్చుంటే యేసు పేరుకన్నా సైతాను పేరు ఎక్కువ వినబడుతుంది. నాకది నచ్చదు, ఈ మాట మా పాస్టరయ్యగారి ముందు కూడా అన్నాను.

సరే, కనబడనిదాన్ని ఎందుకు నమ్మాలి? మనవాళ్ళ దగ్గర రెడీగా ఉండే జవాబు: "గాలి కనబడుతుందా? కరెంటు కనబడుతుందా? నమ్మడం లేదా?" దయచేసి నీ రూమ్మేట్‌కు ఈ జవాబు చెప్పకు. గాలిని సిలిండర్లో పట్టి వార్డులో పెడతాం, కరెంటుకు మీటరుంది, బిల్లు వస్తుంది. సూక్ష్మక్రిములు కూడా ఒకప్పుడు కనబడనివే. 1882లో రాబర్ట్ కోచ్ క్షయ క్రిమిని రంగు వేసి మైక్రోస్కోపు కింద చూపించాడు, అక్కడితో అది చూసేదైపోయింది. దేవుడు అలా ఇంకా మంచి యంత్రం కోసం ఎదురుచూస్తున్న వస్తువు కాదు. అలాంటివాడే అయితే మనం ఆరాధించాల్సిన పనిలేదు, ల్యాబ్‌కు పంపితే సరిపోతుంది.

హెబ్రీ 11:1 నీకు కంఠతా వచ్చే ఉంటుంది: "విశ్వాసమనునది నిరీక్షింపబడువాటియొక్క నిజస్వరూపమును, అదృశ్యమైనవి యున్నవనుటకు రుజువునై యున్నది." సండే స్కూల్లో ఇక్కడితో ఆపేస్తారు. ఆ అధ్యాయం చివరిదాకా చదివితే అక్కడున్నవాళ్ళెవరూ గదిలో నీడను చూసి నమ్మినవాళ్ళు కారు. నోవహు, అబ్రాహాము, మోషే, ఒకరు మాట ఇచ్చాడు, ఆ మాట ఇచ్చినవాడు నమ్మదగినవాడు అని లేచి నడిచినవాళ్ళు. అబ్రాహాము ఎక్కడికి వెళ్ళాలో తెలియకుండానే బయల్దేరాడు. శారా వాగ్దానం చేసినవాడు నమ్మదగినవాడని ఎంచుకుంది. అందులో చాలామంది ఆ వాగ్దానాల ఫలం అందుకోకుండానే చనిపోయారని 13వ వచనం దాచకుండా చెబుతుంది. అంటే మన విశ్వాసం ఒక వ్యక్తి మీద పెట్టుకున్న నమ్మకం. మనుషుల విషయంలో నమ్మకం ఎలా కుదురుతుందో ఇదీ అలాగే కుదురుతుంది: ఆయన ఏం చేశాడో చూసినవాళ్ళు చెప్పగా విని, ఆయన మాట మీద నడిచి.

పౌలు దీన్ని ఎంత బాహాటంగా పెట్టాడో 1 కొరింథీ 15లో చూడు. లేచిన క్రీస్తు ఐదువందల మందికి పైగా సహోదరులకు ఒకేసారి కనబడ్డాడనీ, వాళ్ళలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారనీ రాశాడు. సిలువ జరిగి అప్పటికి పాతికేళ్ళు కూడా కాలేదు. అనుమానం ఉంటే వెళ్ళి అడగండి అన్నట్టే కదా. క్రీస్తు లేవకపోతే మీ విశ్వాసం వ్యర్థం అని కూడా అక్కడే రాశాడు. మా ఒంట్లో వేడి పుట్టింది, మాకు వణుకు వచ్చింది, అందుకని నమ్మండి అని రాయలేదు.

అదృశ్యలోకం గురించి బైబిలు మనం అనుకున్నంత చెప్పదు కూడా. యోబు సంగతి తీసుకో. మొదటి రెండు అధ్యాయాల్లో ఆయన కష్టాల వెనక పరలోకంలో దేవుడికీ సైతానుకూ జరిగిన సంభాషణ నీకూ నాకూ తెలుసు. యోబుకు తెలియదు. పుస్తకం అయిపోయేదాకా ఆయనకు ఎవరూ చెప్పలేదు. దేవుడే సుడిగాలిలో నుంచి మాట్లాడాడు, నాలుగు అధ్యాయాలు మాట్లాడాడు, ఆ ముక్క మాత్రం చెప్పలేదు. ఆయన కష్టం వెనక ఏముందో మాకు తెలుసు అన్నవాళ్ళు ఆ ముగ్గురు స్నేహితులు. చివర్లో దేవుడికి కోపం వచ్చింది వాళ్ళ మీదే. కాబట్టి నీ నిద్ర వెనక ఏ శక్తి ఉందో మాకు బయలుపడింది అని ఎవరైనా అంటే, యోబుకు కూడా చెప్పనిది మీకు చెప్పాడా అని మర్యాదగా అడుగు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెబుతాను. నేను డ్యూటీలో ఉన్న రోజుల్లో క్షయ మందులు వాడుతున్న ఒక కుర్రాణ్ణి, ఎక్కడినుంచో వచ్చిన ఒక ప్రసంగీకుడు "స్వస్థత వచ్చేసింది, మందులు వేసుకుంటే అవిశ్వాసం" అన్నాడని వాళ్ళ అమ్మ మాత్రలు మానిపించేసింది. రెండు నెలలు వేసుకునేసరికి దగ్గు తగ్గి, ఒళ్ళు చేసి బాగానే కనబడ్డాడు, అదే వాళ్ళకు రుజువైంది. ఆరు నెలలు వేసుకోవాలని నీకు నేను చెప్పక్కర్లేదు. మళ్ళీ తెచ్చినప్పుడు కఫంలో రక్తం. ఆ తల్లి మంచి విశ్వాసురాలు, ఆమెను నేను ఒక్క మాట అనలేదు. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్లన్నీ కలిసి క్షయ ఆసుపత్రి పెట్టిన కాలానికి క్షయ మందు స్ట్రెప్టోమైసిన్ ఇంకా రాలేదు. అది కనుక్కున్నదే 1943లో. మంచి గాలి, తిండి, విశ్రాంతి, ప్రార్థన, అవే ఉండేవి. మందు వచ్చాక ఆసుపత్రి దాన్ని వాడింది, ప్రార్థనా మానలేదు. మనవాళ్ళు ఒకప్పుడు ఇంత మామూలుగా చేసిన పనిని ఇప్పుడు మళ్ళీ చెప్పాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది.

దర్శనాలు లేవా మరి? ఉన్నాయి. మీ గ్రూపులో 2 రాజులు 6వ అధ్యాయం చెప్పే ఉంటారు. దోతాను ఊళ్ళో ఎలీషా ప్రవక్త, చుట్టూ సిరియనుల సైన్యం, పనివాడు భయపడ్డాడు, ఎలీషా ప్రార్థించాడు, వాడి కళ్ళు తెరవబడ్డాయి, పర్వతం నిండా అగ్ని గుర్రాలు, రథాలు. ప్రసంగం ఇక్కడ ఆగిపోతుంది, హల్లెలూయ అంటాం. ఆ తర్వాత చదువు. ఆ రథాలు కదలవు. ఒక్క బాణం వెయ్యవు. కథలో మళ్ళీ వాటి ప్రస్తావనే రాదు. సిరియనులకు కళ్ళు కనబడకుండా పోతాయి, ఎలీషా వాళ్ళను తిన్నగా షోమ్రోనుకు నడిపించుకుపోతాడు. ఇశ్రాయేలు రాజు "కొట్టమంటావా?" అని ఆత్రపడతాడు. వద్దు, భోజనం పెట్టు అంటాడు ఎలీషా. రాజు పెద్ద విందు చేసి పంపించేస్తాడు. ఆ దండుల రాకపోకలు అక్కడితో ఆగిపోయాయి. కనబడని సైన్యాన్ని చూసినవాడు చేసిన పని శత్రువులకు అన్నం పెట్టించడం. నాకు ఆ అగ్ని రథాలకన్నా ఆ విందే పెద్ద అద్భుతంగా కనబడుతుంది. ఇంకో సంగతి, పనివాడికి కనబడలేదని ఎలీషా వాణ్ణి కోప్పడలేదు. నీకు విశ్వాసం చాలదు అనలేదు. భయపడకు అన్నాడు, వాడి కోసం ప్రార్థించాడు.

ఇప్పుడు మీ రూమ్మేట్. ఆ పిల్ల వెక్కిరించలేదు, ఉన్నమాట అంది. తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్ళకు దేవుడి ఇల్లంటే దీపం, అలంకారం, గోవిందనామం, ప్రసాదం. వాళ్ళకు మన గోడలు బోసిగానే ఉంటాయి. ఈ మాట మనకు కొత్త కూడా కాదు. క్రీస్తుకు ముందు 63లో రోమను సేనాని పాంపే యెరూషలేము పట్టుకుని, లోపల ఏముందో చూద్దామని యూదుల దేవాలయంలోని అతిపరిశుద్ధ స్థలంలోకే నడిచి వెళ్ళాడు. లోపల ఏ ప్రతిమా లేదు, ఖాళీ అని రోమను చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. తర్వాత మనవాళ్ళ వంతు వచ్చింది. విగ్రహం లేదు, బలిపీఠం లేదు, కాబట్టి ఈ క్రైస్తవులు నాస్తికులు అని రోమావాళ్ళు నింద వేశారు. రెండో శతాబ్దంలో జస్టిన్ అనే హతసాక్షి చక్రవర్తికి రాసిన విన్నపంలో ఆ నిందకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఇది చెబితే మీ రూమ్మేట్ నవ్వుతుంది, నువ్వూ నవ్వు.

ఆమె దేవుణ్ణి తక్కువ చేసి మాట్లాడొద్దు. అలిపిరి నుంచి మోకాళ్ళ మీద మెట్లెక్కే ముసలమ్మ కూడా కంటికి కనబడేదాని కోసమే ఎక్కుతోందని నేననుకోను. తేడా ఎక్కడుందో నెమ్మదిగా చెప్పు: మా దేవుణ్ణి ఎవరూ చూడలేదు, ఆయన ఎలాంటివాడో యేసు అనే మనిషిలో చూశామని మా నమ్మకం, ఇప్పుడు ఆయన్ను కూడా చూడలేం గనుక చూసినవాళ్ళ సాక్ష్యం చదువుతాం, రొట్టె విరుస్తాం, అందుకే లోపల ఒక బల్ల, ఒక పుస్తకం, మనుషులు తప్ప ఏమీ ఉండవు. ఒప్పుకోకపోతే ఒప్పుకోదు. ఒకే గదిలో ఉంటున్నారు, మంచి స్నేహితులుగా ఉండండి. ఆమెకు ఈ నిద్ర సంగతి చెప్పావా? చెప్పు. తెల్లవారుజామున నీ మూలుగు వినబడితే భుజం తట్టమను, చాలాసార్లు పట్టు వదులుతుంది.

మీటింగుల్లో ఏమీ అనిపించకపోవడం గురించి. కొందరికి కన్నీళ్ళు తొందరగా వస్తాయి, కొందరికి రావు. వార్డులో కూడా చూసే ఉంటావు, భర్త పోయినప్పుడు గుండెలు బాదుకునే ఆమె ఉంటుంది, గోడకు ఆనుకుని ఊరికే నిలబడిపోయే ఆమె ఉంటుంది. ఎవరికి ప్రేమ ఎక్కువో మనం చెప్పగలమా? మదర్ థెరీసా 1997లో చనిపోయారు. పదేళ్ళ తర్వాత ఆమె ఉత్తరాలు అచ్చయితే లోకమంతా ఆశ్చర్యపోయింది. దాదాపు యాభై ఏళ్ళు ఆమెకు ప్రార్థనలో దేవుడి సన్నిధి తెలియలేదట, అంతా చీకటే అని రాసుకున్నారు. ఆ యాభై ఏళ్ళూ కలకత్తా వీధుల్లో ఆమె ఏం చేశారో అందరికీ తెలుసు.

మనకు ఇంకా దగ్గర్లో, మా ఊరికి గంట ప్రయాణం కూడా లేని వేలూరు ఉంది. అమెరికన్ మిషనరీల కూతురు ఐడా స్కడర్‌కు మిషనరీ అవ్వాలనే ఉద్దేశమే లేదు, తల్లికి బాగోలేదని చూడ్డానికి వచ్చింది. తిండివనంలో ఒక్క రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యల దగ్గరికి రమ్మని ఆమెను పిలిచారు. ఆమె డాక్టరు కాదు. డాక్టరైన తండ్రిని పంపుతానంటే మగవాడు వద్దన్నారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు. దాన్నే ఆమె దేవుడి పిలుపు అనుకుంది. అందులో దేవదూత లేడు, వెలుగు లేదు. 1899లో డాక్టరు పట్టా తీసుకుని 1900లో వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టింది. అదే ఇప్పటి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి. మన వైపు సీఎంసీకి వెళ్ళిరాని ఇల్లు ఎన్ని ఉంటాయో నువ్వే చెప్పు.

యేసు శిష్యుడు తోమా గురించి కూడా ఒక మాట. చెన్నైలో ఆయన పేరుతో కొండ ఉంది, ఆయన అక్కడే హతసాక్షి అయ్యాడని పాతకాలం నుంచి సంప్రదాయం. మనం ఆయన్ను అనుమానపు తోమా అని పిల్లలకు నేర్పుతాం. యోహాను 20లో రాసింది చూడు: ఆ మేకుల గుర్తు చూస్తే గాని నమ్మను అని తోమా అన్నాక ఎనిమిది రోజులకు యేసు మళ్ళీ వచ్చాడు. ఆయన వచ్చేసరికి తోమా మిగతా శిష్యులతోనే ఉన్నాడు. వాళ్ళు ఆయన్ను వెళ్ళగొట్టలేదు, ఆయనా అలిగి వెళ్ళిపోలేదు. నమ్మకం కుదరనప్పుడు ఉండాల్సిన చోటు అదే. నువ్వు బల్లకు దూరంగా ఉండి నమ్మకం పెరిగాక వస్తానంటున్నావు, అది తిరగబడిన దారి.

విడుదల ప్రార్థనకు వెళ్ళాలా అంటే, నా మాట వద్దనే. నీ కోసం ప్రార్థన చేస్తామంటే చేయించుకో, తలకు నూనె రాస్తామన్నా తప్పులేదు, యాకోబు పత్రికలో ఉన్నదే. కానీ తలుపులు మూసి గంటలకొద్దీ అరవడం, జుట్టు పట్టి ఊపడం, ఉపవాసం పేరుతో డ్యూటీ పిల్లకు తిండి మానిపించడం, నూనె సీసాకు డబ్బు అడగడం, వీటిలో ఏది కనబడినా చెప్పులేసుకుని వచ్చెయ్. ఆ అక్కల మీద కోపం పెట్టుకోకు. నీ మీద ప్రేమతోనే అడిగి ఉంటారు, వాళ్ళకు నేర్పినవాళ్ళు అంతే నేర్పారు. స్లీప్ పెరాలిసిస్ పాఠం వాళ్ళకు చూపించు. వాళ్ళలో ఒకరిద్దరికి కూడా వస్తూనే ఉంటుంది, భయపడి చెప్పి ఉండరు.

బల్ల సంగతి. అయోగ్యంగా తీసుకుంటే శిక్ష అని నిన్ను ఎవరో భయపెట్టి ఉంటారు. ఆ వాక్యం కొరింథులో ఆకలిగా ఉన్న పేదవాళ్ళను వదిలేసి ముందే తినేసి, తాగి మత్తెక్కి కూర్చున్నవాళ్ళకు రాసింది. ఏడుపు రాని పిల్లలకు కాదు. 1 కొరింథీ 11:28 పూర్తిగా చదువు. ప్రతివాడూ తనను తాను పరీక్షించుకోవాలి అని పౌలు అక్కడ ఆగలేదు. అలా పరీక్షించుకుని ఆ రొట్టె తిని, ఆ పాత్రలోది తాగాలి అన్నాడు. పరీక్షించుకుని బెంచీలో కూర్చుండిపొమ్మని ఎక్కడా లేదు. నువ్వు పరీక్షించుకోవడం అయితే కావలసినంత చేశావు. నెల మొదటి ఆదివారం, బల్ల రోజున, నైట్ డ్యూటీ పడితే ఎవరితోనైనా మార్చుకుని వెళ్ళు.